విశాఖలో రోజూ నడిపే సెడాన్‌కు అల్లాయ్ చక్రాలు, టైర్లు: ఏ సైజు, ఏ రకం?

మధురవాడ వాసి

అందరికీ నమస్కారం. నా దగ్గర 2015 నాటి హోండా సిటీ పెట్రోలు కారు ఉంది. అన్నిటికన్నా కింది వేరియంట్ కావడం వల్ల దానికి కంపెనీ నుంచి 15 అంగుళాల ఇనుప డిస్కులు, వాటిపై ప్లాస్టిక్ వీల్ క్యాపులు, 175/65 ఆర్15 టైర్లు (వెడల్పు 175 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు) వచ్చాయి. ముందు టైర్లు రెండూ అరుగుదల గుర్తు దాకా వచ్చేశాయి. వెనుకవి కూడా ఎంతో కాలం వచ్చేలా లేవు. అందుకని నాలుగూ ఒకేసారి మార్చి, ఆ పనితో పాటే అల్లాయ్ చక్రాలు కూడా వేయించాలని అనుకుంటున్నాను.

కారు రోజూ నడుస్తుంది. మధురవాడ నుంచి హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ కూడలి మీదుగా కూర్మన్నపాలెం దాకా ఉద్యోగానికి వెళ్లి రావడం, సెలవు రోజుల్లో బీచ్ రోడ్డు మీదుగా భీమిలి, చలికాలంలో కుటుంబంతో అరకు గానీ లంబసింగి గానీ. వేగంగా నడిపే అలవాటు నాకు లేదు, కానీ వాన పడుతున్నప్పుడు బ్రేకు వేస్తే కారు ఆగుతుందన్న నమ్మకం కావాలి.

ఒక దుకాణంలో 17 అంగుళాల చక్రాలకు 205/45 టైర్లు వేసుకోమన్నారు. మరో దుకాణంలో 16 అంగుళాలు చాలు, 195/55 వేస్తామన్నారు. విదేశంలో ఉన్న మా బావగారు మాత్రం ఏ సైజైనా సరే ఆల్ సీజన్ టైర్లే తీసుకోమని గట్టిగా చెబుతున్నారు. చక్రాలకూ టైర్లకూ కలిపి 60,000 రూపాయల వరకు పెట్టగలను. మన ఊరి ఎండకూ వానకూ ఏది సరిపోతుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఉప్పుగాలి

మధురవాడ వాసి గారూ, ముందుగా సైజు సంగతి తేల్చుకుంటే మిగతావి వాటంతటవే సులువవుతాయి. మీ 175/65 ఆర్15 టైరు మొత్తం వ్యాసం లెక్క కడితే సుమారు 608 మి.మీ. వస్తుంది. ఇదే తరం సిటీకి 2017 మార్పుల తర్వాత పై వేరియంట్లలో కంపెనీయే 16 అంగుళాల చక్రాలు, 185/55 ఆర్16 టైర్లు ఇచ్చింది. దాని వ్యాసం దాదాపు 610 మి.మీ. అంటే స్పీడోమీటరుకు గానీ, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌కు గానీ, చక్రం చుట్టూ ఉన్న ఖాళీకి గానీ చెప్పుకోదగ్గ తేడా రాదు. రెండో దుకాణంవారు చెప్పిన 195/55 ఆర్16 వ్యాసం 621 మి.మీ. దాకా వెళ్తుంది. అది 2 శాతం పెద్దది కాబట్టి మీటరు చూపేదానికంటే కారు కాస్త ఎక్కువ వేగంతో పోతుంది, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు లోపల ఎక్కడైనా రాసుకుంటుందేమో చూసుకోవలసిన పని కూడా మిగులుతుంది. వెతికితే 185/55 దొరుకుతుండగా ఈ బాధ ఎందుకు పడాలో నాకు అర్థం కాదు.

205/45 ఆర్17 వ్యాసంలో పెద్ద దోషం లేదు, అది 616 మి.మీ. మాత్రమే. చిక్కంతా పక్కగోడ ఎత్తులో ఉంది. ఇప్పుడు మీ రిమ్ముకూ రోడ్డుకూ మధ్య దాదాపు 114 మి.మీ. రబ్బరు ఉంది. 185/55లో అది 102కు, 205/45లో 92కు తగ్గుతుంది. వాన వెలిసిన మర్నాడు నీళ్లు నిండి లోతు తెలియని గుంతలో చక్రం పడితే ఆ దెబ్బను టైరు మింగాలా, రిమ్ము తినాలా అన్నది ఈ మిల్లీమీటర్లే నిర్ణయిస్తాయి. ఇనుప డిస్కు వంగితే కొట్టి సరిచేస్తారు, పోత పోసిన అల్లాయ్ అయితే పగులు ఇస్తుంది. అంచు దగ్గర వచ్చిన పగులును వెల్డింగు చేసి ఇస్తామనేవారు ఉంటారు గానీ, కుటుంబం కూర్చునే కారుకు అలాంటి చక్రం వేయడాన్ని నేను ఒప్పుకోను.

ఆల్ సీజన్ విషయంలో మీ బావగారు తాముండే చోటికి సరైన మాటే చెప్పారు. మామూలు వేసవి టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కంటే చల్లబడితే గట్టిపడి పట్టు కోల్పోతుంది. మంచు పడే దేశాల్లో ఏడాది పొడవునా ఒకే జత టైర్లతో నెట్టుకురావాలనుకునేవారి కోసం, చలిలోనూ మెత్తగా ఉండే మిశ్రమంతో, రోడ్డుకు ఆనే ట్రెడ్డులో సన్నని చీలికలు ఎక్కువగా పెట్టి ఆ టైర్లు తయారు చేస్తారు. ఆ మెత్తదనానికి మూల్యం వేడిలో చెల్లించాలి. మే నెల మధ్యాహ్నం హైవే మీద ఆ చీలికల దిమ్మెలు అటూ ఇటూ కదులుతూ తొందరగా అరుగుతాయి, పొడి రోడ్డు మీద బ్రేకు వేసినా ఆగే దూరం పెరుగుతుంది. విశాఖలో జనవరి రాత్రి కూడా ఉష్ణోగ్రత 7 డిగ్రీల దరిదాపులకు రాదు. లంబసింగిలో తెల్లవారుజామున సున్నాకు దగ్గరగా పడిపోయే రోజులున్నాయన్నది నిజమే, కానీ అక్కడ రోడ్డు మీద మంచు పేరుకోదు. నెమ్మదిగా ఘాట్ రోడ్డు దిగే ఆ రెండు గంటల కోసం మిగతా సంవత్సరమంతా రాజీ పడనక్కర లేదు.

ఇంకొక సంగతి. టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అని ఉన్నంత మాత్రాన అది ఏదో పరీక్ష నెగ్గిందని అనుకోకండి. ట్రెడ్డు ఆకృతిని బట్టి తయారీదారు తానే వేసుకునే గుర్తు అది. మంచు మీద పరీక్షించి ఇచ్చే గుర్తు మూడు శిఖరాల కొండ లోపల మంచు రేకు బొమ్మ. ఆ రెండూ మనకు అవసరం లేదు. మీరు అడగవలసింది తడి రోడ్డు మీద పట్టు గురించి. మన దేశంలో 2022లో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 95వ నిబంధనను సవరించి, రోలింగ్ నిరోధం (దొర్లేటప్పుడు టైరు చూపే ఎదురు), తడి రోడ్డుపై పట్టు, చప్పుడు అనే మూడింటికీ ఏఐఎస్ 142 ప్రమాణాన్ని కార్ల టైర్లకు తప్పనిసరి చేశారు. అయితే అది కనీస స్థాయి మాత్రమే. ఆ స్థాయికి పైన ఒక్కో టైరు స్వభావం ఒక్కో రకంగా ఉంటుంది. ఎక్కువ కిలోమీటర్లు రావడమే గొప్పగా చెప్పుకునే టైరు మిశ్రమం సాధారణంగా గట్టిగా ఉంటుంది, తడిలో దాని పట్టు అంతంత మాత్రం. మీరు రోజూ పోయే దారిలో అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను వానలు పడేటప్పుడు ఫ్లైఓవర్ల దిగువన నీళ్లు నిలుస్తాయి కాబట్టి, సిలికా మిశ్రమం ఉండి, చుట్టూ నిడివిగా సాగే వెడల్పాటి గాడులు మూడో నాలుగో ఉన్న టూరింగ్ రకం టైరు చూసుకోండి. మిషెలిన్ ప్రైమసీ 4 ఎస్‌టీ, కాంటినెంటల్ యూసీ6, బ్రిడ్జ్‌స్టోన్ టురాంజా వంటివి ఆ కోవలోనివి. మీ సైజులో ఏవి దొరుకుతాయో దుకాణంలో కనుక్కోవాలి.

అచ్యుతాపురంలో 2022లో యోకోహామావారి టైర్ల ఫ్యాక్టరీ మొదలైంది కదా, అక్కడి నుంచి చవకగా వస్తాయేమోనని కొందరు అడుగుతుంటారు. అక్కడ తయారయ్యేవి వ్యవసాయ, నిర్మాణ యంత్రాలకు వేసే టైర్లు, మన కార్లకు పనికిరావు.

ఇక చక్రాల పైపూత గురించి, సముద్రానికి దగ్గరగా ఉండేవాడిగా ఒక్క మాట గట్టిగా చెబుతాను. ముఖం మీద తళతళా మెరిసే డైమండ్ కట్ చక్రాలు తీసుకోకండి. వాటి ముఖాన్ని యంత్రంతో చెక్కి, రంగు లేకుండా పైన పారదర్శకమైన లక్క పూత మాత్రమే వేస్తారు. రాయి తగిలి ఆ పూత ఆవగింజంత లేచినా చాలు, ఉప్పు తేమ లోపలికి దూరి, పూత కింద తెల్లని దారాల్లా తుప్పు పాకుతుంది. బీచ్ రోడ్డు అపార్టుమెంట్ల కింద పార్కింగులో నడుచుకుంటూ పోతే ఊచల అంచుల వెంట ఈ తెల్ల గీతలు ఎన్ని కార్లకు కనబడతాయో మీరే చూడవచ్చు. మొత్తం వెండి రంగులో గానీ ముదురు బూడిద రంగులో గానీ పౌడర్ కోటింగ్ చేసిన చక్రం చూడటానికి సాదాగా ఉన్నా ఇక్కడి గాలిని తట్టుకుంటుంది.

నాలుగో గేరు

పై సమాధానంలో టైర్ల రకం గురించి చెప్పినదంతా సరైనదే. సైజు విషయంలో మాత్రం నేను విభేదిస్తాను. 16 అంగుళాలకు వెళ్లవలసిన అవసరం అసలు ఏముంది? 15 అంగుళాల అల్లాయ్ తీసుకుని 185/60 ఆర్15 వేయండి. వ్యాసం 603 మి.మీ., మీ పాతదానికంటే 1 శాతం కూడా తగ్గదు. పక్కగోడ 111 మి.మీ. అంటే ఇప్పుడున్న మెత్తదనం దాదాపు అలాగే ఉంటుంది, రోడ్డుకు ఆనే వెడల్పు మాత్రం కొంచెం పెరుగుతుంది. భారం మోసే సూచిక 84, అంటే టైరుకు 500 కిలోలు, మీ పాత టైరుకు ఉన్నదే. 185/55 ఆర్16లో సాధారణంగా 83 వస్తుంది, అంటే 487 కిలోలు. కారుకు అది చాలకపోదు గానీ, పై సైజుకు పోతూ సూచికలో దిగడం వింతగా ఉంటుంది కదా. పైగా ఆ తరువాతి తరం సిటీకి కంపెనీయే కింది వేరియంట్లలో 185/60 ఆర్15 ఇచ్చింది. కాబట్టి ఇది ఎవరో కనిపెట్టిన ప్రయోగం కాదు.

ధర సంగతి కూడా చూడండి. 15 అంగుళాల టైర్లు అమ్మకం ఎక్కువ ఉన్న సైజు కాబట్టి రకాలూ ఎక్కువే, ధరా తక్కువే. మిగిలిన డబ్బును ఒక మెట్టు పైన ఉన్న టైరు మీద పెట్టవచ్చు. వానలో కారును ఆపేది టైరే గానీ చక్రం మీది డిజైను కాదు.

అల్లాయ్ వేస్తే బరువు తగ్గి మైలేజీ పెరుగుతుందని దుకాణంలో చెప్పే మాటను కూడా నమ్మకండి. చక్రాన్ని చేత్తో ఎత్తి చూడండి, లేదా తూకం వేయించండి. చవకగా పోత పోసిన 17 అంగుళాల చక్రం మీ పాత 15 అంగుళాల ఇనుప డిస్కు కంటే బరువుగానే ఉండవచ్చు. ఆ బరువు సస్పెన్షనుకు కింద, తిరిగే భాగంలో ఉంటుంది కాబట్టి బ్రేకు మీదా, గుంతలో పడినప్పటి కుదుపు మీదా ప్రభావం చూపుతుంది.

మధురవాడ వాసి

ఇద్దరికీ ధన్యవాదాలు. 17 అంగుళాల ఆలోచన మానుకున్నాను. ఆల్ సీజన్ సంగతి బావగారికి నేనే చెప్పుకుంటాను. 15, 16 అంగుళాల మధ్య తేల్చుకునే ముందు మూడు సందేహాలున్నాయి. డిక్కీలో ఉన్న స్టెప్నీ పాత ఇనుప డిస్కు, పాత 175 టైరు. దానితో ఇబ్బంది వస్తుందా? నాలుగు బోల్టు రంధ్రాలున్న చక్రం ఏదైనా మన కారుకు పడుతుందా? ఎందుకంటే వాడిన చక్రాల సెట్ ఒకటి తక్కువ ధరకు అమ్మకానికి కనిపించింది. మూడోది, ఇలా మార్చితే బీమాకూ రవాణా శాఖకూ ఏమైనా చెప్పాలా?

పానా 19

నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి బిగింపు సంగతులు చెబుతాను. నాలుగు రంధ్రాలున్నంత మాత్రాన చక్రం పడదండీ. సిటీకి నాలుగు బోల్టుల వలయం వ్యాసం 100 మి.మీ. కొన్ని పాత ఫియట్ కార్లకు అది 98 మి.మీ. కంటితో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, బలవంతంగా బిగిస్తే నట్లు ఎక్కుతాయి కూడా, కానీ బోల్టులు వంకరగా లాగబడి చక్రం నడిమధ్యన కూర్చోదు. వాడిన చక్రాల సెట్ కొనేటప్పుడు వెనక్కి తిప్పి ఊచల లోపలి వైపు చదవండి. వ్యాసం, వెడల్పు, బోల్టు వలయం, ఆఫ్‌సెట్ (చక్రం వెడల్పు నడిమికీ, కారుకు ఆనే ముఖానికీ మధ్య దూరం), మోయగల గరిష్ఠ భారం అక్కడ పోతలోనే అచ్చు వేసి ఉంటాయి. కార్ల అల్లాయ్ చక్రాలకు ఐఎస్ 16192 అనే భారతీయ ప్రమాణం ఉంది. జపాను ప్రమాణాన్ని తెలిపే జేడబ్ల్యూఎల్ ముద్ర కూడా చాలా చక్రాల మీద కనిపిస్తుంది. ఏ ముద్రా, ఏ అంకెలూ లేని చక్రం ఎంత చవకైనా నేను ముట్టుకోను. వాడిన సెట్ అయితే వంపు ఉందో లేదో బ్యాలెన్సింగ్ యంత్రం మీద తిప్పి చూపించమని అడగండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే ఇంటికి వచ్చేయండి.

ఆఫ్‌సెట్ అంకెను చాలామంది పట్టించుకోరు. వెడల్పు మారకుండా ఆ అంకె 15 తగ్గితే ప్రతి చక్రమూ 15 మి.మీ. బయటికి జరుగుతుంది. కారు విశాలంగా నిలబడ్డట్టు కనిపిస్తుంది గానీ, బురద తలుపుల మీదికి చిమ్ముతుంది, వీల్ బేరింగు మీద భారం పెరుగుతుంది, స్టీరింగు గుంతల్లో చేతిని లాగుతుంది. మీ పాత డిస్కు మీద ఉన్న అంకెకు వీలైనంత దగ్గరగా ఉన్నదే తీసుకోండి.

మధ్య రంధ్రం మరో ముఖ్యమైన విషయం. సిటీ హబ్బు, అంటే చక్రం కూర్చునే ఇరుసు చివరి భాగం, 56.1 మి.మీ. బయట దొరికే చక్రాలకు అన్ని కార్లకూ పట్టేలా అంతకంటే పెద్ద రంధ్రం పెడతారు. ఆ ఖాళీని నింపే రింగులు వేయకుండా బిగిస్తే హైవే మీద స్టీరింగు వణుకుతుంది, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా ఆ వణుకు పోదు. రింగుల కొలత బయట చక్రం రంధ్రానికీ లోపల 56.1కీ సరిపోవాలి. అల్యూమినియం రింగులు అయితే హబ్బుకు పలచగా గ్రీజు రాయించండి. మన ఉప్పు తేమకు ఇనుమూ అల్యూమినియమూ ఒకదానికొకటి పట్టేసి, తర్వాత చక్రం ఊడదీయాలంటే సుత్తి పట్టుకోవలసి వస్తుంది.

ఇప్పుడు స్టెప్నీకి వస్తాను, ఎందుకంటే అసలు మెలిక అక్కడే ఉంది. వ్యాసం దగ్గరగా ఉన్నందున 185/55 ఆర్16 వేసినా, 185/60 ఆర్15 వేసినా పంక్చరు షాపు దాకా పాత స్టెప్నీతో నిదానంగా వెళ్లవచ్చు. చిక్కు నట్లతో వస్తుంది. హోండా కంపెనీ నట్ల కింది భాగం గోళం ఆకారంలో గుండ్రంగా ఉంటుంది, ఇనుప డిస్కులోని గుంట కూడా దానికి సరిపడా ఉంటుంది. బయట కొనే అల్లాయ్ చక్రాల్లో చాలావాటికి 60 డిగ్రీల శంకువు ఆకారపు గుంట ఉంటుంది. గుండ్రని నట్టును శంకువు గుంటలో బిగిస్తే అది సన్నని గీత మేరకే ఆనుతుంది. ఆ రోజు గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది, కొన్నాళ్లకు వదులవుతుంది. అందుకని చక్రాలతో పాటు 12 మి.మీ. వ్యాసం, మరకూ మరకూ మధ్య 1.5 మి.మీ. దూరం ఉన్న శంకువు నట్లు పదహారు కొనండి. పాత నట్లలో నాలుగింటిని ఒక గుడ్డ సంచిలో కట్టి స్టెప్నీ పక్కనే పెట్టండి. దారిలో స్టెప్నీ వేయవలసి వస్తే ఆ పాత నట్లే వాడాలి, కొత్తవి కాదు. ఈ ముక్క దుకాణాల్లో చాలామంది చెప్పరు.

సైజు మీద నా అభిప్రాయం అడిగితే, మీరు తిరిగే దారికి నేను 15 అంగుళాలే వేస్తాను. చూడటానికి చక్రాల గూడు ఖాళీగా అనిపిస్తుందంటే 185/55 ఆర్16 వేసుకోండి, తప్పేమీ లేదు.

ఉప్పుగాలి

మూడో ప్రశ్నకు నేను చెబుతాను. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటను గట్టిగా చెప్పింది. అందుకే నేను మొదటి నుంచి కంపెనీ ఈ కారుకే ఇచ్చిన సైజు దగ్గర ఆగమంటున్నాను. నాలుగో గేరు గారు చెప్పిన 185/60 ఆర్15 సాంకేతికంగా మంచిదే గానీ అది తరువాతి తరం కారు సైజు. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం మీద మీ కారుకు ఏ సైజులు రాసి ఉన్నాయో చూసి నిర్ణయించుకోండి. బీమా సంగతి సులువు. కంపెనీ బిగించని అల్లాయ్ చక్రాలు అదనపు ఉపకరణాల కిందికి వస్తాయి. రసీదు చూపించి పాలసీలో వాటి విలువ చేర్పించుకుంటే కొంత ప్రీమియం పెరుగుతుంది, చేర్పించకపోతే చక్రాలు పోయినప్పుడో పగిలినప్పుడో వాటికి పరిహారం అడగడానికి వీలుండదు.

నాలుగో గేరు

తలుపు మీది కాగితం గురించి చెప్పింది న్యాయమే. అందులో లేకపోతే 15 అంగుళాల అల్లాయ్ మీద పాత 175/65 సైజులోనే మంచి టైరు వేసినా నా వాదన చెడదు. వెడల్పు 10 మి.మీ. పెరగడం కంటే ట్రెడ్డు లోతు మిగిలి ఉండటం తడి రోడ్డు మీద ఎక్కువ పని చేస్తుంది. కొత్త టైరులో గాడి లోతు సుమారు 8 మి.మీ. ఉంటుంది, చట్టం 1.6 మి.మీ. దాకా నడుపుకోనిస్తుంది. తుపానుల కాలానికి ముందు 3 మి.మీ. కంటే తగ్గితే నేనైతే మార్చేస్తాను.

కొనేటప్పుడు టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ చూడటం మరచిపోకండి. 2325 అని ఉంటే 2025లో 23వ వారంలో తయారైందని అర్థం. నాలుగింటికీ తేదీలు దగ్గర దగ్గరగా ఉండాలి. ఏడాది పైబడిన సరుకును తగ్గింపు ధర అని అంటగడితే ఆ తగ్గింపు నిజంగా ఎంతో లెక్క చూసుకోండి.

మధురవాడ వాసి

తలుపు దగ్గరి కాగితం చూశాను, అందులో 175/65 ఆర్15 ఒక్కటే రాసి ఉంది. 15 అంగుళాల వెండి రంగు పౌడర్ కోటింగ్ చక్రాలు, అదే సైజులో టూరింగ్ రకం టైర్లు తీసుకుంటాను. వాడిన సెట్‌ను వదిలేశాను. దాని వెనుక భారం అంకె లేదు. బిగించేటప్పుడు పక్కన నిలబడి ఏమేం చూసుకోవాలో కూడా చెబితే మేలు.

పానా 19

బ్యాలెన్సింగ్ సీసపు ముక్కలను అంచుకు కొట్టి తగిలించవద్దని ముందే చెప్పండి. అలా కొట్టినచోట పూత చిట్లి తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. లోపలి వైపు అంటించే రకం వేయించుకోండి. నట్లను ముందు చేత్తో ఎక్కించి, ఎదురెదురు వరుసలో బిగించాలి. గాలి గన్నుతో చివరిదాకా బిగించనివ్వకండి, బిగింపు బలం కొలిచే టార్కు పానాతో 108 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపమనండి. ఆ పానా లేని దుకాణమైతే మరో చోట చేయించుకోవడమే మంచిది. అలైన్‌మెంట్ అదే రోజు చేయించండి. తర్వాత 100 కిలోమీటర్ల లోపు ఒకసారి వచ్చి నట్లు మళ్లీ సరిచూపించుకోవాలి, కొత్త అల్లాయ్ చక్రాల మీద అవి మొదట్లో కొద్దిగా సర్దుకుంటాయి.

గాలి పొద్దున్నే, కారు కదలక ముందు, తలుపు మీద రాసినంత పెట్టించండి. మధ్యాహ్నం వేడి మీద కొలిస్తే ప్రతి 10 డిగ్రీలకూ సుమారు ఒకటిన్నర పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే తెల్లవారేసరికి తక్కువవుతుంది. కొన్నాళ్లు పోయాక ఒకే చక్రంలో పంక్చరు లేకుండా గాలి మెల్లగా దిగుతుంటే, టైరు ఊడదీయించి రిమ్ము అంచు లోపల తెల్లని పొడి పేరుకుందేమో చూపించండి. సముద్రపు గాలికి అది మామూలే. అక్కడ నున్నగా రుద్ది, అంచుకు సీలర్ పూసి మళ్లీ ఎక్కిస్తే ఆగిపోతుంది.